మెథడిస్టు పాస్టర్ జీవితం, సేవ నిజంగా ఎలా ఉంటాయి?

ప్రశ్న: డిగ్రీ పూర్తయింది. మెథడిస్టు పాస్టర్ కావాలని ఉంది. ఇంట్లో మాత్రం జీతం ఎంత, ట్రాన్స్‌ఫర్లు ఎలా అని టెన్షన్ పడుతున్నారు. పాస్టర్ జీవితం, సేవ అసలు ఎలా ఉంటాయి? మెదక్ చర్చి కట్టించిన పాస్నెట్ దొర కూడా మెథడిస్టు పాస్టరేనా? అది ఇప్పుడు సి.ఎస్.ఐ. చర్చి కదా?

జవాబు:

బాబూ, నేను మెథడిస్టు సంఘంలో పాస్టర్‌గా పనిచేసి రిటైరయ్యాను. పల్లె సంఘాలూ చూశాను, పట్నం సంఘాలూ చూశాను. పాస్నెట్ గారి గురించి ముందు చెబుతాను. నువ్వు అడిగిన మొదటి ప్రశ్నకు సగం జవాబు ఆయన జీవితంలోనే దొరుకుతుంది.

అవును, చార్లెస్ వాకర్ పాస్నెట్ మెథడిస్టు పాస్టరే. ఇంగ్లండులోని వెస్లియన్ మెథడిస్టు మిషన్ తరఫున 1895లో సికింద్రాబాదు వచ్చారు. మొదట ఆయనకు అప్పగించింది తిరుమలగిరిలో బ్రిటిష్ సైనికుల మధ్య పని. భాష ఇబ్బంది లేదు, చుట్టూ తన దేశస్థులే. అయినా ఆయన మనసు అక్కడ నిలవలేదు. 1897లో మెదక్ వెళ్ళిపోయారు. అప్పటికి మెదక్‌లో ఉన్న క్రైస్తవులు రెండు వందల మంది లోపేనని చెబుతారు. అక్కడ మకాం పెట్టి, తెలుగు నేర్చుకుని, పల్లెపల్లెకూ తిరిగారు. వాళ్ళ అక్కచెల్లెళ్ళలో ఒకరైన ఎమిలీ పాస్నెట్ కూడా మెదక్‌లోనే ఉండి స్త్రీల మధ్య పనిచేశారు.

మెదక్ చర్చి పని 1914 ప్రాంతంలో మొదలై పదేళ్ళు సాగింది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ చేశారు. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గోపురం ఎత్తు 175 అడుగులు. ఆ రోజుల్లో కరువు వచ్చి జనం తిండికి అల్లాడుతుంటే, ఊరికే పంచిపెట్టడం కన్నా పని చూపించి కూడు పెట్టడం మంచిదని పాస్నెట్ గారు ఈ కట్టడం మొదలుపెట్టారని మెదక్ పెద్దలు ఇప్పటికీ చెబుతారు. మనవాళ్ళు ఆ చర్చిని గుండెలకు హత్తుకోవడానికి ఆ గోపురం ఎత్తు కారణం కాదు. తమ తాతలూ ముత్తాతలూ రాళ్ళు మోసి, ఆ కూలితో పిల్లలను బతికించుకున్నారన్న మాట ఇళ్ళలో నడుస్తూ ఉండటమే కారణం.

కానీ పాస్టర్ కావాలనుకునే నువ్వు చూడాల్సింది చర్చి కాదు. పాస్నెట్ గారూ ఆయన సహచరులూ ఊళ్ళకు పంపే సువార్తికులను ఎలా తయారు చేశారో చూడు. ఒక్క మగవాణ్ణి తీసుకొచ్చి నాలుగు వచనాలు నేర్పి పంపెయ్యలేదు. అతని భార్యను కూడా తీసుకొచ్చి చదువు చెప్పించారు. ఎందుకంటే పల్లెలో ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళి కూర్చునేది ఆమే. కాన్పు కష్టమైనా, పిల్లకు జ్వరం వచ్చినా జనం తలుపు తట్టేది ఆమెను పిలవడానికే. ఒక పాస్టర్‌కు ఒక జిల్లా అంతా తిరిగే శక్తి ఉండదు. అతను తయారు చేసిన మనుషులకు ఉంటుంది. నా ఉద్దేశంలో పాస్నెట్ గారి అసలు కట్టడం అదే.

అదే మిషన్‌లో జార్జి కెర్ అనే పాస్టరూ, ఆయన భార్య డాక్టర్ ఇసబెల్ కెర్ కూడా పనిచేశారు. 1907లో హైదరాబాద్ రాజ్యానికి వచ్చిన ఈ దంపతులు నిజామాబాద్ ప్రాంతంలో కుష్ఠురోగులను ఊరి బయటకు తరిమేయడం చూశారు. డిచ్‌పల్లిలో 1915లో విక్టోరియా ఆసుపత్రి మొదలైంది. దానికి చేయూతనిచ్చింది రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత. అప్పటికి కుష్ఠుకు ఉన్న వైద్యం చాల్‌మూగ్రా నూనె నుంచి తీసిన మందును సూదితో ఎక్కించడం. అది నొప్పి పుట్టించే చికిత్స, నెలల తరబడి సాగేది. ఇసబెల్ కెర్ 1932లో చనిపోయేదాకా ఆ పనిలోనే ఉన్నారు. పాస్టర్ సేవ అంటే ప్రసంగ పీఠం ఒక్కటే అనుకునేవాళ్ళకు నేను డిచ్‌పల్లి పేరు చెబుతుంటాను.

ఇక సి.ఎస్.ఐ. సంగతి. మన తెలుగు నేల మీద మెథడిస్టులు రెండు దారుల్లో వచ్చారు. ఇంగ్లండు నుంచి వచ్చిన వెస్లియన్ వాళ్ళు సికింద్రాబాదు, మెదక్, కరీంనగర్, నిజామాబాద్ వైపు పనిచేశారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా, అంటే సి.ఎస్.ఐ.) ఏర్పడినప్పుడు ఆ సంఘాలు అందులో కలిశాయి. మెదక్ సి.ఎస్.ఐ. డయోసిస్ (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం) అయింది అలాగే. అమెరికా నుంచి వచ్చిన మెథడిస్టులు హైదరాబాద్, వికారాబాద్, తాండూరు, జహీరాబాద్, బీదర్ వైపు సంఘాలు కట్టారు. వాళ్ళు ఆ ఐక్యతలో కలవలేదు. అదే సంఘం 1981 జనవరిలో మెథడిస్ట్ చర్చ్ ఇన్ ఇండియా పేరుతో స్వతంత్ర సంఘమైంది. నువ్వు ఈ రోజు 'మెథడిస్టు పాస్టర్ కావాలి' అంటున్నావంటే ఈ రెండోదాని గురించే మాట్లాడుతున్నట్టు. వికారాబాద్ జిల్లా ధారూర్‌లో ప్రతి నవంబరులో జరిగే మెథడిస్టు జాతర చూసే ఉంటావు. కుటుంబాలకు కుటుంబాలు గుడారాలు వేసుకుని దిగిపోతాయి. వందేళ్ళుగా సాగుతోంది. చూడకపోతే ఈసారి వెళ్ళు. వాక్యం వినడానికే కాదు, అక్కడ పాస్టర్లు ఎవరి పక్కన కూర్చుని మాట్లాడుతున్నారో గమనించడానికి కూడా.

ఇప్పుడు నీ అసలు ప్రశ్న. చాలా స్వతంత్ర సంఘాల్లో పాస్టర్ తానే సంఘం మొదలుపెడతాడు, లేదా సంఘం పాస్టర్‌ను పిలుచుకుంటుంది. మన దగ్గర పాస్టర్‌ను పంపుతారు. ఏటా కాన్ఫరెన్స్, అంటే పాస్టర్లూ సంఘ ప్రతినిధులూ కలిసే సభ, కూర్చుంటుంది. చివర్లో బిషప్ గారు ఎవరు ఏ పాస్టరేట్‌కో (ఒక పాస్టర్ చూసుకునే సంఘాలకో) చదువుతారు. నీ పేరు పక్కన ఏ ఊరు చదివితే అక్కడికి సామాను సర్దుకోవాలి. సంఘానికి నిన్ను ఎంచుకునే హక్కు లేదు, నీకు సంఘాన్ని ఎంచుకునే హక్కు లేదు. డి.ఎస్. (డిస్ట్రిక్ట్ సూపరింటెండెంట్) గారితో నీ ఇబ్బందులు చెప్పుకోవచ్చు. పిల్లల చదువు, తల్లిదండ్రుల అనారోగ్యం లాంటివి ఆయన బిషప్ గారి దగ్గర ప్రస్తావిస్తారు. ఆ తర్వాత నిర్ణయం నీ చేతిలో ఉండదు. కాన్ఫరెన్స్ దగ్గరపడుతుంటే పాస్టర్ల ఇళ్ళలో ఉండే టెన్షన్ నేను దాచను. పిల్లలు స్నేహితులతో 'వచ్చే ఏడు ఉంటామో లేదో' అని చెబుతుంటారు. పాస్టరమ్మ కొత్త గిన్నెల స్టాండు కొనడానికి కూడా వెనకాడుతుంది.

ఇది ఎందుకిలా పెట్టారు? మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ తన బోధకులకు ఇచ్చిన నియమాల్లో ఒకటుంది: మిమ్మల్ని కోరుకునేవారి దగ్గరికే కాదు, మీ అవసరం అందరికన్నా ఎక్కువ ఉన్నవారి దగ్గరికి వెళ్ళండి. పాస్టర్‌కే ఎంపిక వదిలేస్తే డబ్బున్న సంఘానికి పదిమంది పోటీ పడతారు, రోడ్డు లేని ఊరికి ఒక్కరూ వెళ్ళరు. ట్రాన్స్‌ఫర్ పద్ధతి ఉన్నందుకే మారుమూల తండా పక్కనున్న సంఘానికి కూడా చదువుకున్న పాస్టర్ వస్తాడు. ఈ పద్ధతిని పక్షపాతంతో, పగతో వాడిన సందర్భాలు ఉన్నాయి. అవి జరిగినప్పుడు చాలా బాధ కలుగుతుంది. అయినా పద్ధతి సరైనదే అన్నది నా నమ్మకం.

వెస్లీ గారు 1703లో ఇంగ్లండులోని ఎప్‌వర్త్‌లో పుట్టారు. 1739లో బ్రిస్టల్‌లో ఆరుబయట బొగ్గుగని కూలీల మధ్య ప్రసంగించడం మొదలుపెట్టి, 1791లో చనిపోయేదాకా తిరుగుతూనే ఉన్నారు. గుర్రం మీదా బండి మీదా కలిపి సుమారు 2,50,000 మైళ్ళు ప్రయాణించారని అంచనా. ఇది అందరూ చెప్పేదే. నీకు అంతకన్నా పనికొచ్చే సంగతి ఇంకొకటుంది.

1742లో బ్రిస్టల్‌లో మందిరం కట్టిన అప్పు తీరలేదు. ఏం చేయాలని కూర్చుని మాట్లాడుకుంటుంటే కెప్టెన్ ఫోయ్ అనే సభ్యుడు ఒక దారి చెప్పాడు. ఒక్కొక్కరూ వారానికి ఒక పెన్నీ ఇద్దాం అన్నాడు. పేదవాళ్ళు ఎలా ఇస్తారని ఎవరో అడిగారు. 'అందులో పదకొండుమంది పేదలను నాకు అప్పగించండి, ప్రతి వారం వాళ్ళ ఇళ్ళకు వెళ్తాను, ఇవ్వలేని వాళ్ళ వంతు నేనే వేస్తాను' అన్నాడతను. అలా సంఘాన్ని పన్నెండేసి మంది చొప్పున విడదీసి ఒక్కో నాయకుణ్ణి పెట్టారు. నాయకులు పెన్నీ కోసం ఇళ్ళకు వెళ్ళేసరికి లోపలి సంగతులు బయటపడ్డాయి. ఒక ఇంట్లో తాగుడు, ఒక ఇంట్లో పస్తులు, ఒక ఇంట్లో భార్యాభర్తలు మాట్లాడుకోవడం లేదు. వెస్లీ వెంటనే గ్రహించారు: తనకు కావలసింది సరిగ్గా ఇదేనని. అప్పు తీర్చడానికి పెట్టిన ఏర్పాటు మెథడిస్టు సంఘానికి వెన్నెముక అయింది. మనం ఇళ్ళ సందర్శన, కుటుంబ ప్రార్థన అని చేస్తున్నదంతా అక్కణ్ణుంచే వచ్చింది.

అందుకే పాస్టర్ పని ఆదివారం ఉదయం గంటన్నర అని ఎవరైనా అంటే నమ్మకు. పల్లె పాస్టరేట్ అంటే ఒక్క చర్చి కాదు. నాలుగైదు ఊళ్ళుంటాయి, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. పొద్దున ఒక ఊళ్ళో ఆరాధన, మధ్యాహ్నం ఇంకో ఊళ్ళో, రాత్రి మూడో ఊళ్ళో. పత్తి ఏరే రోజుల్లో పగలు ఎవరూ ఉండరు కాబట్టి ఆరాధన రాత్రి తొమ్మిదికి మొదలవుతుంది. కూలికి వెళ్ళి వచ్చి, వంట చేసి, పిల్లలకు పెట్టి, ఆడవాళ్ళు అప్పుడు వస్తారు. నిద్ర ముంచుకొస్తున్న ఆ ముఖాల ముందు అరగంట ప్రసంగం చెయ్యకూడదు. పది నిమిషాలు చాలు. ఒక్క మాట చెప్పు. రేపు కలుపు తీస్తూ తలుచుకోవడానికి పనికొచ్చే మాటై ఉండాలి.

వారంలో మిగతా రోజులు ఇళ్ళే. కొత్త ఊరికి వెళ్ళిన మొదటి నెలల్లో ముసలివాళ్ళ ఇళ్ళకు ముందు వెళ్ళు. చర్చికి నడవలేక మంచాన పడ్డవాళ్ళు ఎవరో అడుగు, వాళ్ళకు ప్రభు సంస్కారం ఇంటికే తీసుకెళ్ళు. సంఘ పెద్ద ఇంట్లో భోజనానికి పిలుస్తాడు, వెళ్ళు. కానీ ఆ పూటే వాడలో చివరి ఇంటికి కూడా వెళ్ళి చాయ్ తాగు. ఏ ఇంట్లో తిన్నావు, ఏ ఇంట్లో తినలేదు అని ఊరంతా గమనిస్తుంది. మన సంఘాలు ఎక్కువగా మాల, మాదిగ వాడల నుంచి వచ్చినవి. తరతరాలుగా గడప బయట నిలబెట్టిన జనం. వాళ్ళ గడప లోపల పాస్టర్ చాప మీద కూర్చుని తింటే అది నీ ప్రసంగం కన్నా లోతుగా వెళ్తుంది. సంఘంలోనే ఈ రెండు వర్గాల మధ్య లాగులాట వచ్చే ఊళ్ళూ ఉన్నాయి. పాస్టర్ ఏదో ఒక వైపు వాడని ముద్రపడితే ఇక అతని పని అయిపోయినట్టే.

చాలామంది చెప్పని పని ఒకటుంది: రిజిస్టర్లు. బాప్తిస్మం, పెళ్ళి, భూస్థాపన, మూడు రిజిస్టర్లు పాస్టర్ చేతిలో ఉంటాయి. ఇరవై ఏళ్ళ తర్వాత ఎవరో పిల్ల పాస్‌పోర్టు కోసం వచ్చి తల్లిదండ్రుల పెళ్ళి సర్టిఫికెట్ అడుగుతుంది. నీకు ముందు ఎవరో పాస్టర్ నిర్లక్ష్యంగా పేరు తప్పు రాస్తే ఆ కుటుంబం ఆఫీసుల చుట్టూ తిరుగుతుంది. పెళ్ళి చేయడానికి 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం నీకు అధికారం ఉండాలి. వయసు రుజువులు చూడాలి, సాక్షుల సంతకాలు తీసుకోవాలి. ఆ చట్టం ప్రకారం మామూలుగా పెళ్ళి ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపే జరగాలి. బరాత్ ఆలస్యమైంది, రాత్రి పదింటికి చేయండి అయ్యగారూ అని బతిమాలతారు. అక్కడ గట్టిగా ఉండు. పిల్ల వయసు విషయంలో ఇంకా గట్టిగా ఉండు. 18 నిండలేదంటే ఎంత పెద్దమనిషి వచ్చి అడిగినా చేయకూడదు.

బాప్తిస్మం రిజిస్టరు దగ్గర వచ్చే నొప్పి వేరే ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళితుడు క్రైస్తవుడైతే ఎస్.సి. హోదా పోతుంది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ హోదా ఇచ్చారు, క్రైస్తవులకు ఇవ్వలేదు. మన దగ్గర ఎస్.సి. నుంచి వచ్చిన క్రైస్తవులను బి.సి.-సి గ్రూపులో పెట్టారు, అందులో రిజర్వేషన్ ఒక్క శాతం. కొడుకు ఇంజినీరింగ్ సీటు ముందు పెట్టుకుని ఒక తండ్రి వచ్చి, 'అయ్యగారూ, పేరు ఇప్పుడు రాయొద్దు' అంటాడు. నీ విశ్వాసం ఇంతేనా అని అతణ్ణి గద్దించడం తేలిక. అతను మూడు తరాలుగా పోగొట్టుకున్నదేమిటో తెలిస్తే గద్దించలేవు. అలాగని రిజిస్టరులో అబద్ధం రాయలేవు. నేను అలాంటివాళ్ళతో కూర్చుని చట్టం ఏం చెబుతోందో ఉన్నదున్నట్టు చెప్పేవాణ్ణి, ప్రార్థన చేసేవాణ్ణి, నిర్ణయం వాళ్ళకు వదిలేవాణ్ణి. ఏం నిర్ణయించుకున్నా ఆ ఇంటికి వెళ్ళడం మాత్రం మానలేదు.

జీతం గురించి అమ్మానాన్నలు అడగడం తప్పు కాదు. తక్కువే. కాన్ఫరెన్స్ స్కేలు ఉంటుంది, పార్సనేజ్ అని ఇల్లు ఇస్తారు. పట్నం సంఘాల్లో ఫరవాలేదు, పల్లెలో కానుకలు వానల మీద ఆధారపడతాయి. కోత పండుగకు బియ్యం, జొన్నలు, కోళ్ళు తెచ్చి వేలం వేస్తారు. ఆ ఏడు పంట పోతే సంఘం ఖజానా కూడా ఖాళీ. నీ డిగ్రీ స్నేహితుడు ప్రైవేటు ఉద్యోగంలో నీకన్నా ఎక్కువ తెచ్చుకుంటాడు, ఇది ముందే మనసులో పెట్టుకో. వెస్లీ గారు ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్నప్పుడు ఏడాదికి 30 పౌన్లు వస్తే 28తో బతికి 2 దానం చేశారట. రాబడి 60 అయినా, 90 అయినా, 120 అయినా ఆ 28తోనే గడిపి మిగతాది ఇచ్చేశారని చెబుతారు. ఆయనకు పిల్లలు లేరు, నీకు ఉంటారు, కాబట్టి లెక్క అచ్చంగా అలాగే కుదరదు. కానీ ఖర్చు పెరగనివ్వకపోవడమనే అలవాటు నిన్ను కాపాడుతుంది. ముఖ్యంగా అప్పు చేయకు. మెథడిస్టు సంఘంలో పాస్టర్‌ను పూర్తి సభ్యుడిగా తీసుకునేటప్పుడు వెస్లీ కాలం నుంచి వస్తున్న ప్రశ్నలు అడుగుతారు. వాటిలో ఒకటి, నీ పనికి అడ్డొచ్చేంత అప్పుల్లో ఉన్నావా అని. సంఘ సభ్యుడి దగ్గర చేబదులు తీసుకున్న పాస్టర్ ఆ మనిషిని ఇక మందలించలేడు. ఆ ప్రశ్న ఎందుకు పెట్టారో ఊళ్ళో ఒక్క ఏడాది ఉంటే తెలుస్తుంది.

సంఘం డబ్బు నీ జేబులో ఒక్క రోజు కూడా ఉంచుకోకు. కానుకలు ఇద్దరు పెద్దల ముందు లెక్కపెట్టించు, వాళ్ళ చేతే రాయించు. చర్చి స్థలాల కాగితాలు ఎక్కడున్నాయో వెళ్ళిన వారంలోనే కనుక్కో. మన మిషన్ భూముల మీద ఎన్ని కళ్ళున్నాయో నీకు తర్వాత తెలుస్తుంది.

పెళ్ళి గురించి కూడా చెప్పాలి. నువ్వు చేసుకోబోయే అమ్మాయికి ఈ జీవితం ముందే వివరంగా చెప్పు. ఆమెకు జీతం లేని ఉద్యోగం ఇస్తున్నారు. స్త్రీల సమాజం నడపాలి, వచ్చినవాళ్ళందరికీ చాయ్ పెట్టాలి, ఎవరి ఇంటి గొడవా బయటపెట్టకూడదు. ఆమెకు వేరే ఉద్యోగం ఉంటే ట్రాన్స్‌ఫర్లతో ఎలా అన్నది ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి. ఆడవాళ్ళకు పాస్టర్లుగా పూర్తి హక్కులు అమెరికా మెథడిస్టు సంఘం 1956లోనే ఇచ్చింది, మన దగ్గర కూడా అభిషేకం పొందిన స్త్రీలు ఉన్నారు. నీ చెల్లెలికో, స్నేహితురాలికో ఇదే కోరిక ఉంటే ఆమెకు కూడా ఈ జవాబు చూపించు.

ఇంత చెప్పాక, మరి ఎందుకు చేయాలి అంటావా? చావు ఇంట్లో అర్ధరాత్రి మొదట కబురు పెట్టేది నీకే. పుట్టిన బిడ్డను మొదటిసారి చర్చికి తెచ్చి పెట్టేది నీ చేతుల్లోనే. ఇరవై ఏళ్ళు తాగిన మనిషి ఒక డిసెంబరు 31 రాత్రి వాచ్‌నైట్ ఆరాధనలో ముందుకొచ్చి మోకరిస్తాడు. మర్నాడు కొత్త సంవత్సరపు నిబంధన ఆరాధనలో, నన్ను నీ పనికి పెట్టుకో, లేదా పక్కన పెట్టు, నీ ఇష్టం ప్రభువా అన్న అర్థం వచ్చే ప్రార్థన అందరితో కలిసి చదువుతాడు. ఆ ప్రార్థన వెస్లీ గారి నిబంధన ఆరాధన నుంచే మనకు వచ్చింది. ఆ మనిషి గొంతులో అది వింటే నీకు కలిగే సంతోషం ఏ జీతంతోనూ పోల్చలేను. పేదవాళ్ళు తమ జీవితంలోకి ఇంత లోపలికి రానిచ్చే ఇంకో పని నాకు తెలియదు.

ఇక దారి. డిగ్రీ చేతిలో ఉంది కదా అని నేరుగా వేదాంత కళాశాలకు అప్లికేషన్ పెట్టకు. ముందు మీ పాస్టర్ గారికి చెప్పు. లోకల్ ప్రీచర్‌గా, అంటే సొంత సంఘంలో వాక్యం చెప్పే సభ్యుడిగా, మొదలుపెట్టు. మీ పాస్టరేట్ కమిటీ, ఆ తర్వాత డిస్ట్రిక్ట్ నిన్ను చూసి సిఫార్సు చేయాలి. తర్వాత బి.డి. (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ, వేదాంత డిగ్రీ) చదువుకు పంపుతారు. హైదరాబాదులోని ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలలో మన సంఘం కూడా భాగస్వామి. జబల్పూర్‌లోని లియొనార్డ్ కళాశాల మెథడిస్టులదే. రెండూ వేదాంత డిగ్రీలు ఇచ్చే శ్రీరాంపూర్ సెనేట్ కిందివే. చదువయ్యాక కొంతకాలం ప్రొబేషన్, తర్వాత డీకన్‌గా (మొదటి అభిషేకం), ఆపైన ఎల్డర్‌గా (పూర్తి పాస్టర్‌గా) బిషప్ గారు చేతులుంచి అభిషేకిస్తారు. డిగ్రీ నుంచి లెక్కేస్తే చాలా ఏళ్ళు పడుతుంది, ఇంట్లో ఆ మాట ఇప్పుడే చెప్పు.

అప్లికేషన్ కన్నా ముందు రెండు పనులు చెయ్యి. ఈ వేసవిలో ఏదైనా పల్లె పాస్టర్ గారి వెనక బండి మీద కూర్చుని అన్ని ఊళ్ళూ తిరుగు. ప్రసంగించడానికి కాదు, చాపలు పరచడానికి, పిల్లలకు పాటలు నేర్పడానికి. అమ్మానాన్నలను ఒక రోజు ఆ పాస్టర్ గారి ఇంటికి తీసుకెళ్ళి పాస్టరమ్మతో కూర్చోబెట్టు. నువ్వు బయటికి వెళ్ళిపో, వాళ్ళను మాట్లాడుకోనివ్వు. రెండోది, మీ చర్చి రిజిస్టరులో నీ బాప్తిస్మం ఎలా నమోదైందో చూసుకో. అందులో పేరుకూ, టెన్త్ మెమోలో పేరుకూ తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించుకో. సిఫార్సు కాగితాలు కదిలే సమయానికి దాని కోసం పరుగులు పెట్టడం కష్టం.